పద్నాలుగో గది బెల్లు

ఆ గది ముందు నుంచి రాత్రిపూట ఎవరూ మామూలుగా నడవరు.

పగలు నడుస్తారు. పగలు దానికేం, మిగతా గదుల్లాంటి గదే. ఆసుపత్రి మేడ మీద, వరండా చివర, దుప్పట్లు సర్దే గది దాటాక, మూలకి. తలుపు మీద పద్నాలుగు అని రాసుంటుందట. నాకు అంకెలు రావు. రంగు పెచ్చులూడిన చోట పిల్లి తలకాయలా ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపడతా.

రాత్రయితే మాత్రం, ఆ చివర పనుంటే సిస్టర్లు ఇద్దరిద్దరు కలిసి వెళ్తారు. ఒకళ్లే వెళ్లాల్సొస్తే గొంతు లేకపోయినా పాటందుకుంటారు.

ఎందుకంటే... తెల్లవారుజామున సరిగ్గా నాలుగు గంటలకి ఆ గదిలో బెల్లు మోగుతుందంటారు.

మంచం ఖాళీ. తలుపు మూసుంది. అయినా తలుపు పైన ఉన్న చిన్న ఎర్రబల్బు వెలుగుతుందట. సిస్టర్లు కూర్చునే బల్ల దగ్గర— టింగ్. ఒక్కసారి. అంతే. ఇంక చప్పుడుండదు.

కరెంటు మేస్త్రి వచ్చి గోడకి చెమ్మపట్టిందన్నాడు. ఒక పిల్ల ధైర్యం చేసి తలుపు అద్దంలోంచి తొంగి చూసింది. ఖాళీ మంచం పక్కన తెల్లగా ఏదో కూర్చుని ఉందట... తల వంచుకుని. ఆ పిల్లకి మూడు రోజులు జ్వరం.

ఇవన్నీ మీరు వినే ఉంటారు. వినంది ఒకటుంది, అది చెప్తా. ఈ ఫోనులో ఎంతసేపు మాట్లాడొచ్చో నాకు తెలీదు. మధ్యలో ఆగితే ముసల్ది పోయిందనుకోకండి, మంచినీళ్లకి లేచి ఉంటా.

ఆ ఆసుపత్రిలో నర్సు చదువు చదివే పిల్లల్లో ఒకామె ఉండేది. పిల్ల కాదు, నలభై ఒకటి నిండాయి. పక్కన కూర్చునేవాళ్లకి ఇరవై కూడా లేవు. వాళ్లు ఆమెని కుట్టక్క అనేవాళ్లు. ఎందుకంటే వాళ్లు వేసుకున్న తెల్ల బట్టలు కుట్టింది ఆమే! ఇరవై ఏళ్లుగా ఆసుపత్రి ఎదురు సందులో మిషను తొక్కుతోంది. ఎంతమంది నర్సుల నడుము కొలతలు తీసిందో. ఒకరోజు మిగిలిన గుడ్డతో తన కొలతకి ఒకటి కుట్టుకుని, అద్దం ముందు నిలబడి చూసుకుంది. ఆ సాయంత్రమే మొగుడితో చెప్పింది, చదువుకుంటానని.

"ఇప్పుడా? మన పిల్ల కాలేజీకెళ్తుంటే నువ్వు బడికెళ్తావా?" అన్నాడు ఆయన.

"అవును. ఇద్దరికీ కలిపి అన్నం డబ్బా నువ్వు కట్టు."

కట్టాడు పాపం. మంచివాడే.

పొద్దున క్లాసులు, సాయంత్రం మిషను, వారానికి మూడు రాత్రులు వార్డులో నేర్చుకునే డ్యూటీ. నిద్ర ఎప్పుడు పోతావు కుట్టక్కా అంటే, "గుండీలు కుట్టేటప్పుడు. అవి కళ్లు మూసుకుని కుట్టొచ్చు" అనేది. నవ్వేది గానీ, కళ్ల కింద నల్లటి చారలు.

మూడో ఏడు, ఇంకో నాలుగు నెలల్లో చదువైపోతుందనగా, పద్నాలుగో గదికి ఒక పెద్దాయన వచ్చాడు.

ముప్పై ఆరేళ్లు బస్సు నడిపిన డ్రైవరు. గుండె జబ్బు. మొండిఘటం. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, నేనట్లా అనను. ఉన్నంతకాలం ఇల్లంతా బస్సులానే నడిపాడు. ఆసుపత్రిలోనూ అంతే. మంచం పక్కన వైరుకి వేలాడే బెల్లు స్విచ్చు చేతిలో పెట్టగానే ముఖం వెలిగిపోయింది.

"ఇదిగో అమ్మాయ్, బస్సులో పద్ధతి తెలుసుగా," అన్నాడు కుట్టక్కతో. "ఒక బెల్లు కొడితే ఆపమని. రెండు కొడితే పోనిమ్మని. నేను ఒకటి కొడితే నువ్వు రావాలి. రెండు కొడితే నా దగ్గర పనైపోయింది, నువ్వు పోవచ్చు."

"సరే బాబాయ్. మరి టిక్కెట్టు?"

"డ్రైవరు భార్యని అడుగు. టిక్కెట్టు లేకుండా నలభై ఎనిమిదేళ్లు ఎక్కించుకున్నా."

ఆ భార్య కూడా గదిలోనే ఉండేది, తోడుగా. అదో ముసల్ది. నోరు ఎక్కువ, నిద్ర అంతకంటే ఎక్కువ. కూర్చున్న చోటే గురకపెట్టేది. కుట్టక్కకి ఇద్దరూ నచ్చారు. పనైపోయినా ఆ గదిలో ఇంకో రెండు నిమిషాలు నిలబడి వెళ్లేది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

మంచం కాళ్ల దగ్గర ఒక అట్ట వేలాడుతుంది కదా. రెండు గంటలకోసారి నాడి చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, బీపీ చూడాలి, అట్ట మీద రాయాలి. చూసినప్పుడే రాయాలి, చూసిందే రాయాలి. మొదటి రోజు చెప్పే పాఠం అదే. కానీ పిల్లలు తమలో తాము ఇంకో పాఠం చెప్పుకుంటారు. "అన్నీ బాగున్న మనిషికి రెండింటికి చూసినప్పుడే నాలుగింటిది కూడా రాసెయ్. ఒక అంకె అటూ ఇటూ మార్చు. ఎవడు చూడొచ్చాడు?"

కుట్టక్క ఎప్పుడూ అట్లా చెయ్యలేదు. పిల్లల్ని తిట్టేది కూడా.

ఆ రాత్రికి ఆమె నిద్రపోయి రెండు రోజులు. కొత్త పిల్లలకి నలభై జతల బట్టలు అప్పగించాల్సొచ్చింది. వేళ్ల నిండా సూది పోట్లు. హెడ్ సిస్టర్ కింద ఏదో ప్రమాదం కేసని దిగిపోయింది. మేడంతా కుట్టక్కే చూసుకోవాలి.

రెండు గంటలకి పద్నాలుగులోకి వెళ్లింది. చిన్న లైటు. పెద్దాయన నిద్రపోతున్నాడు, మూడు రాత్రుల తర్వాత మొదటిసారి. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టేసరికి కళ్లు తెరిచాడు.

"మళ్లీ చెకింగా?"

"అంతా బాగుంది బాబాయ్. పడుకోండి."

ఆయన కళ్లు మూసుకునే స్విచ్చు రెండుసార్లు నొక్కాడు. టింగ్, టింగ్. పోనియ్.

నాడి డెబ్బై నాలుగు. రాసింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి ముసల్ది చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నాలుగింటికి మళ్లీ లేపుతావా?" గుసగుసగా.

"లేపాలి పిన్నీ."

"మూడు రోజుల తర్వాత కునుకు పట్టింది మనిషికి. ఇప్పుడేగా చూశావు, బాగుందన్నావుగా. ఆ నాలుగింటిది కూడా ఇప్పుడే రాసేసుకోరాదూ? నీ మొహం చూసుకున్నావా, పీక్కుపోయింది. పో, కాసేపు నడుం వాల్చు. నేను మేలుకునే ఉంటా. ఏమన్నా అయితే నేనే బెల్లు కొడతా."

కుట్టక్క అట్ట వైపు చూసింది. దర్జీలు ముందు కచ్చా కుట్టు వేస్తారు కదా, తర్వాత విప్పేసి అసలు కుట్టు వేస్తారు. ఇదీ అంతే అనుకుంది. ఇప్పుడు రాసి పెడదాం, నాలుగింటికి లేచి చూసి, తేడా ఉంటే దిద్దేద్దాం.

నాలుగు గంటల గడిలో డెబ్బై ఆరు అని రాసింది. కింద సంతకం పెట్టింది.

దుప్పట్ల గదిలో బొంత మీద కూర్చుంది. పది నిమిషాలు, అంతే అనుకుంది.

కలలో మిషను తొక్కుతోంది. తెల్లగుడ్డ, దానికి చివర లేదు. కుడుతూనే ఉంది... ఎక్కడో, గుడ్డ అవతల—

టింగ్.

కళ్లు తెరిచింది. ఎదురుగా గోడ గడియారం. సరిగ్గా నాలుగు.

ఒక్క బెల్లు. రమ్మని.

లేవాలి అనుకుంది. నాలుగైందిగా, లేవాలి... నాలుగింటిదా? నాలుగింటిది రాసేశాంగా...

కళ్లు మూతపడ్డాయి.

ఐదింటికి హెడ్ సిస్టర్ కేకకి లేచి పరిగెత్తింది. పెద్దాయన తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. పిడికిట్లో స్విచ్చు. రెండో చెయ్యి ముసల్దాని చేతిలో. అది మంచం అంచున తలపెట్టి గురకపెడుతోంది. చచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని! ముందు దాన్ని లేపాల్సొచ్చింది.

డాక్టరు వచ్చి పట్టి చూశాడు. "గంటన్నర దాటింది," అన్నాడు.

హెడ్ సిస్టర్ అట్ట తీసింది. "అదేంటి డాక్టర్? నాలుగింటికి నాడి డెబ్బై ఆరుంది." కుట్టక్క వైపు తిరిగింది. "చూశావుగా?"

కుట్టక్క తన సంతకం వైపు చూసింది. తల ఊపింది.

అంతే. ఒక్క తల ఊపు.

"అయితే నాలుగు తర్వాతే పోయుంటారు. గది చల్లగా ఉంది, అందుకే అట్లా అనిపించింది," అని డాక్టరు కాగితం మీద రాసేశాడు. ముసల్దాని భుజం తట్టాడు. "నాలుగింటిదాకా బాగానే ఉన్నారమ్మా. బాధేం పడలేదు."

చనిపోయిన మనిషిని ఇంకో అరగంట బతికించింది కుట్టక్క. కాగితం మీద. మరి నాలుగింటికి ఆ బెల్లు కొట్టిందెవరో, అప్పుడెవరికీ తట్టలేదు.

ముందే లేచి ఉంటే బతికేవాడా? ఎవరు చెప్పగలరు. ఆ మాట ఎవరూ చెప్పలేకపోవడమే ఆమెని తినేసింది.

హెడ్ సిస్టర్ ఆయన పిడికిట్లోంచి స్విచ్చు ఊడదీసి, వైరు చుట్టి మేకుకి తగిలించింది. తర్వాత రంగులవాళ్లొచ్చి ఆ వైరు కోసేశారు. గది ఖాళీగా ఉంచారు.

మూడో రోజు తెల్లవారుజామున, నాలుగింటికి— టింగ్.

అప్పటినుంచి రోజూ అది మోగుతూనే ఉండేది. పిల్లలు దడుచుకుని ఒకళ్లమీద ఒకళ్లు పడేవాళ్లు. ఒక కొంటెపిల్ల, "కుట్టక్కా, నీ బస్సొచ్చింది" అనేది. అందరూ నవ్వేవాళ్లు, భయం పోడానికి. కుట్టక్క నవ్వేది కాదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఎవరు ఏ మాటన్నా తన గురించే అనిపించేది. ఆ గది వైపు మాత్రం తల తిప్పలేదు. ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఒకరోజు పొద్దున కూతురడిగింది.

"అమ్మా, రాత్రి నిద్రలో అంకెలు చెప్తున్నావు."

"పాఠాలే."

"కాదు. ఒక్కటే అంకె. డెబ్బై ఆరు, డెబ్బై ఆరు అని."

మొగుడు చదువెక్కువైందన్నాడు. కత్తెర పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది, నాడి పట్టుకుంటే అసలు అందడం లేదు. రెండు నెలలు చూసింది. చివరికి చదువు మానేస్తున్నానని ఒక కాగితం రాసి, మడిచి, జేబులో పెట్టుకుంది. మనిషి ప్రాణానికి కచ్చా కుట్టు వేసే చేతులు నావి, ఇంక గుడ్డకే పనికొస్తాయి అనుకుంది. ఆ రాత్రి డ్యూటీ చేసి, పొద్దున్నే హెడ్ సిస్టర్ చేతిలో పెట్టేద్దామని వచ్చింది.

మూడు. మూడున్నర. ముప్పావు...

బల్ల దగ్గర తను, ఆ కొంటెపిల్ల. గడియారం ముల్లు కదులుతుంటే ఆ పిల్ల కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

టింగ్.

వరండా చివర ఎర్రగా వెలిగింది.

కుట్టక్క లేచింది.

"ఎక్కడికక్కా?" పిల్ల అడిగింది.

"బెల్లు కొట్టారుగా."

"అక్కా, అక్కడ ఎవరూ లేరక్కా..."

"తెలుసు. అయినా వెళ్లాలి. నాలుగింటిది ఇంకా చూడలేదు."

బీపీ మిషను తీసుకుంది. కొత్త అట్ట, పెన్ను తీసుకుంది. నడిచింది.

పన్నెండో గది దాటింది. చెప్పుల చప్పుడు తనదే... అయినా వెనక ఎవరో నడుస్తున్నట్టుంది. దుప్పట్ల గది దాటింది. తను పడుకున్న బొంత అట్లానే ఉంది, మధ్యలో గుంటపడి. మళ్లీ అటు చూడలేదు.

తలుపు పైన ఎర్రబల్బు. ఆ వెలుగులో తన తెల్లబట్టలు ఎర్రగా కనపడ్డాయి.

పిడి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది. తిప్పింది.

చీకటి. ఇంకా పోని రంగు వాసన. మంచం.

మంచం పక్కన... తెల్లగా... కూర్చుని ఉంది. తల వంచుకుని. ఒక చెయ్యి ఖాళీ మంచం మీద పెట్టుకుని.

కుట్టక్క పరిగెత్తలేదు. గోడ పట్టుకుని నిలబడింది.

"బాబాయ్," అంది. "నేను... ఆ రోజు రాలేదు. బెల్లు విన్నాను. కళ్లు తెరిచి గడియారం కూడా చూశాను. చూసి మళ్లీ పడుకున్నాను. డెబ్బై ఆరు అబద్ధం బాబాయ్. నేను చూడలేదు. అందరి ముందూ తలూపాను... ఇంక నన్నేం చేస్తారో చెయ్యండి."

ఆ ఆకారం కదల్లేదు.

ఒక నిట్టూర్పు వినపడింది. మెల్లగా తలెత్తింది.

"రాసెయ్యమన్నది నేను కదమ్మా."

ఆ కూర్చున్నది దెయ్యం కాదు.

నేను.

ఆ నోరెక్కువ, నిద్రెక్కువ ముసల్ది నేనే. రెండు వీధుల అవతలే మా ఇల్లు. నెలన్నర ఇంట్లో కొట్టుకులాడి, ఇంక ఉండలేక వెళ్లాను. వాచ్‌మన్ ఎరిగినవాడే, వెనక మెట్ల మీంచి రానిచ్చేవాడు. చలికి తెల్లటి శాలువా కప్పుకుని వెళ్లేదాన్ని. పాపం ఆ జ్వరం పిల్లకి ఎవరన్నా చెప్పండి. నాలుగయ్యేసరికి ఠక్కున మెలకువ వచ్చేది నాకు. ఆ రోజు రావాల్సిన మెలకువ, ఇప్పుడు రోజూ వస్తోంది.

కుట్టక్క నా కాళ్ల దగ్గర కూలబడింది. ఏడుస్తోంది. నేను తల నిమరలేదు. ఆ హక్కు నాకెక్కడిది?

"నువ్వు రాసింది అబద్ధమని నాకు మొదటినుంచీ తెలుసు," అన్నా. "డాక్టరు నాలుగింటిదాకా బాగున్నాడన్నప్పుడు నోరు మూసుకున్నా. నిజం చెప్తే, మరి మేలుకుని ఉంటానన్న దానివి నువ్వేం చేస్తున్నావని అడుగుతారు కదా... ఇంకోటుంది. అది ఎవరికీ చెప్పలేదు."

"ఏంటి పిన్నీ?"

"ఆయన నా చెయ్యి లాగాడమ్మా. నిద్రలో తెలిసింది నాకు. రెండుసార్లు లాగాడు. 'ఉండవయ్యా, ఇంకా తెల్లారలేదు' అని విసుక్కున్నా. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో నేను ఆయనతో అన్న ఆఖరి మాట అది."

కుట్టక్క కళ్లు తుడుచుకుంది.

"పిన్నీ, మరి రోజూ ఆ బెల్లు మీరే కొడుతున్నారా?"

నేను తెల్లబోయా. "నేనా? బల్ల దగ్గర్నుంచి నువ్వే కొడుతున్నావనుకున్నా. నన్ను పిలవడానికి..."

ఆమె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశా. నేను ఆ గదికి రావడం మొదలుపెట్టింది నెలన్నరకి. బెల్లు మూడో రోజునుంచే మోగుతోంది.

"చెయ్యి ఇటివ్వండి పిన్నీ," అంది కుట్టక్క ఉన్నట్టుండి.

నా మణికట్టు పట్టుకుంది. రెండో చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నిమిషం నిండా, సగం లెక్కించి రెట్టింపు చెయ్యకుండా, నిండు నిమిషం. ఆ చెయ్యి వణకలేదు. అట్ట మీద రాసింది.

"తొంభై రెండు," అంది. "నాలుగు గంటలు కాదు. నాలుగూ పన్నెండు." అదే రాసింది. "పొద్దున హెడ్ సిస్టర్‌కి అంతా చెప్పేస్తా. ఉన్నది ఉన్నట్టు."

"నేనూ వస్తా," అన్నా.

తర్వాతేమైందో ముందే చెప్పేస్తా, ఎందుకంటే చివరిది చివర్నే చెప్పాలి. ఇద్దరం వెళ్లి చెప్పాం. కుట్టక్కని చదువులోంచి తీసెయ్యలేదు గానీ ఏడాది వెనక్కి నెట్టారు. ఇంకా చిన్నపిల్లల పక్కన కూర్చుని అవే పాఠాలు మళ్లీ చదివింది. మా ఇంట్లో నా కొడుకు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. అతని తప్పేం లేదు. మడిచిన కాగితం మాత్రం కుట్టక్క ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు ఆమె ఆ మేడ మీదే పెద్ద సిస్టరు. మీరు ఆమెని చాటుగా గడియారం అంటారట కదా, నాకు చెప్పింది. రెండింటికే నాలుగింటిది రాసినవాళ్లని ఎందుకంతలా అరుస్తుందో ఇప్పుడు అర్థమైందా? కొత్తగా వచ్చిన మీరు ఆ గదికి భయపడుతున్నారని, ఈ ఫోను నా చేతికిచ్చి చెప్పమంది. భయపడాల్సింది గదికి కాదమ్మా. ఆ అట్ట మీద ముందే నింపిన గడికి.

ఇక చివరిది.

ఆమె అట్ట మీద రాసి సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టిందో లేదో, తలుపు అద్దం ఎర్రబడింది.

టింగ్.

నాలుగుంపావు. ఎప్పుడూ మోగని వేళ.

ఒక్కటైతే ఆపమని... ఏం ఆపాలి? ఎక్కడ ఆపాలి? ఆమె నా మణికట్టు మళ్లీ పట్టుకుంది. కొట్టుకుంటున్నది నా నాడో, ఆమెదో...

టింగ్.

రెండోది.

గోడకున్న మేకు వైపు చూశా. కోసేసిన వైరు కొస గాల్లో చిన్నగా ఊగుతోంది.

శాలువా సర్దుకుని లేచి నిలబడ్డా.

"సరేనయ్యా," అన్నా. "పోతున్నాం."